మా సాక్ష్యం చెల్లదా?

ఎ.జి. నూరానీ 2024 ఆగస్టు 29న ముంబయిలో కన్నుమూశారు. 1930లో అదే ఊళ్ళో పుట్టారు. బొంబాయి హైకోర్టులోనూ, సుప్రీంకోర్టులోనూ వకీలు. చాలాకాలం నిర్బంధంలో ఉన్న షేక్ అబ్దుల్లా తరఫున నిలబడ్డవాడు. రాజ్యాంగం గురించి, కోర్టుల గురించి దశాబ్దాల పాటు రాస్తూనే ఉన్నారు. అలాంటి మనిషి మాటనీ 'ముస్లిం కదా, అలాగే రాస్తాడు' అని తీసిపారేసేవాళ్ళున్నారు.

ఈ మాట మాకు కొత్తేం కాదు. మేము నోరు విప్పితే ముందు మా పేరు చూస్తారు, తర్వాతే మా మాట వింటారు. అందుకే అడుగుతున్నాం: తనవాళ్ళకు జరిగిన అన్యాయం గురించి చెప్పేవాడు సాక్షి కాడా?

చట్టం దీనికి ఎప్పుడో జవాబిచ్చింది. 1953లో దలీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, బంధువన్న ఒక్క కారణంతో సాక్ష్యాన్ని తోసెయ్యకూడదంది. దగ్గరివాడు అసలు దోషిని వదిలేసి అమాయకుణ్ణి ఎందుకు ఇరికిస్తాడు? పగలుంటే జాగ్రత్తగా పరిశీలించాలి. అంతేగాని చెవులు మూసుకోకూడదు. హత్యకేసులో ఒక తల్లికి దొరికే ఈ మర్యాద, చరిత్ర ముందు నిలబడ్డ ఒక సమాజానికి ఎందుకు దొరకదు?

నూరానీ ఆవేశపడి జవాబు చెప్పలేదు, కాగితాలు తెచ్చి ముందు పెట్టారు. హైదరాబాద్ పతనం మీద 2013లో వచ్చిన ఆయన పుస్తకమే చూడండి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. నూరానీ దాన్ని పుస్తకంలో అచ్చువేశారు. మా ఇళ్ళల్లో గుసగుసలుగా మిగిలిన దుఃఖానికి ఒక ఆధారం చూపించారు. అక్కడితో ఆగలేదు. నిజాం మొండితనాన్నీ, ఖాసిం రజ్వీ ఉన్మాదాన్నీ అదే పుస్తకంలో బోనెక్కించారు. తనవాళ్ళ తప్పు దాచని సాక్షిని పక్షపాతి అని ఎలా అంటారు?

1996లో ఆయన భగత్ సింగ్ విచారణ మీద రాశారు. 1930లో ఆర్డినెన్సుతో పుట్టిన ట్రిబ్యునల్, అప్పీలుకు దారి లేకుండా ఉరిశిక్ష వేసిన కథ అది. కోర్టు హాల్లోనే ముద్దాయిల మీద పోలీసులు చెయ్యిచేసుకుంటే, ఆ ఉత్తర్వులో తనకు పాలు లేదని రాసిపెట్టిన జడ్జి ఆగా హైదర్. నెల తిరిగేసరికి కొత్త ట్రిబ్యునల్‌లో ఆయన లేరు. భగత్ సింగ్ కోసం కాగితాలు వెతికిన చెయ్యే హైదరాబాద్ కోసమూ వెతికింది. మొదటిది దేశభక్తి, రెండోది మతాభిమానం ఎలా అవుతాయి?

సెక్యులర్ మిత్రులు కొందరు 'ఆధారాలుంటే ఎవరైనా వింటారు' అంటారు. నిజమే, ఆధారం అడగాల్సిందే. కానీ అందరినీ అడగాలి. మెజారిటీవాడి నమ్మకం ఆధారం లేకుండానే చరిత్రగా చెల్లుతోంది. మా కన్నీళ్ళకు మాత్రం సంతకం, ముద్ర కావాలి. నూరానీ అంత ఓపిక అందరికీ ఉండదు. ఓపిక లేనివాడికి జరిగింది అబద్ధమైపోతుందా?

కాగితాలున్నా గెలుస్తామన్న హామీ లేదు. బాబ్రీ మసీదు మీద ఆయన 2003లో రెండు సంపుటాలు తెచ్చారు. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు 1992 కూల్చివేత చట్టవిరుద్ధమంటూనే స్థలాన్ని గుడికిచ్చింది. 370వ అధికరణం మీద 2011లో పుస్తకం రాశారు. 2019లో ఆ అధికరణాన్ని రద్దు చేయడం సరైనదేనని 2023 డిసెంబరులో అదే కోర్టు చెప్పింది. మరి ఆ శ్రమంతా వృథాయేనా?

ఉర్దూలో షహాదత్ అంటే ప్రాణత్యాగమే కాదు, సాక్ష్యం కూడా. తీర్పు సాక్షి చేతిలో ఉండదు. చూసింది చెప్పడం, చెప్పినదాన్ని నిలిపి ఉంచడమే అతని పని. తీర్పులో ఓడిన సాక్ష్యం కూడా రికార్డులో ఉంటుంది. రేపు ఎవరో ఒకరు ఆ కట్ట విప్పి చదువుతారు.

మా మాటను పరీక్షించకుండా నమ్మమని మేము అడగడం లేదు. మీ మాటను తూచే రాళ్ళతోనే మా మాటనూ తూచమంటున్నాం.