పెద్దక్షరం కోరిన చలికాలం

లండన్‌లో ఒక పాత అచ్చుకూటం ఉండేది. అక్కడ సీసపు అక్షరాలకు రెండు చెక్క అరలు: పై అరలో పెద్దక్షరాలు, కింది అరలో చిన్నక్షరాలు. కొత్త సంవత్సరపు క్యాలెండర్ పుస్తకం కూర్పు సాగుతుండగా, ఒక రాత్రి కంపోజిటర్ ఇంటికి వెళ్లాక 'వింటర్' అనే మాటకు కోపం వచ్చింది.

"జనవరికి పెద్దక్షరం, మండేకి పెద్దక్షరం, క్రిస్మస్‌కూ పెద్దక్షరమే. నెలల తరబడి ఊరిని ఏలే నాకు చిన్నక్షరమా?" అంటూ పై అరలోంచి పెద్ద డబ్ల్యూను తీసి తలకెత్తుకుంది.

అది చూసి స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్ లేచాయి. వాటి వెంట మంచు, వాన, పొద్దు. చివరికి నడవమని చెప్పే 'మార్చ్', జరగవచ్చు అని చెప్పే 'మే' కూడా పెద్దక్షరాలు తగిలించుకున్నాయి.

తెల్లవారి ప్రూఫు చూసిన కంపోజిటర్‌కు ఏ 'మే' నెలో, ఏ 'మే' క్రియో తెలియలేదు. వింటర్‌ను దగ్గరకు పిలిచాడు.

"అమ్మా, సెప్టెంబర్‌ను చూడు. లాటిన్‌లో ఏడు అనే అంకెలోంచి పుట్టి, ఇప్పుడు తొమ్మిదో నెలగా ఉంది. జూలియస్ సీజర్ పేరు మోసే జూలైకి ఎంత అక్షరమో దానికీ అంతే. రెండూ నెలల సొంత పేర్లు కనుక. నువ్వు ఒక కాలపు తీరువి. నువ్వు ఇక్కడుంటే సిడ్నీలో ఎండాకాలం. 1924లో షామొనీలో జరిగిన వింటర్ ఒలింపిక్స్ వంటి పేరులో నువ్వు చేరితే, కవి నిన్ను మనిషిగా పిలిస్తే, పెద్దక్షరం నేనే తీసిస్తాను. ఫ్రెంచిలో వాక్యం మధ్య జనవరికీ చిన్నక్షరమే. దాని చలి తగ్గిందా?"

వింటర్ డబ్ల్యూను పై అరలో పెట్టేసింది. మిగతావీ దిగాయి. పేజీలో మే నెల తేటగా కనబడింది.

నీతి: పెద్దక్షరం గౌరవం కోసం కాదు, గుర్తు కోసం. అందరూ ఎత్తుకున్న గుర్తు ఎవరినీ చూపించదు.

ఇంగ్లీషులో వారాలు, నెలలు, పండుగల పేర్లకు పెద్దక్షరం, రుతువులకు చిన్నక్షరం. తెలుగు లిపిలో ఈ తేడా లేదు కాబట్టి మన పిల్లలు ఇక్కడ తడబడతారు. వారికి నియమంతో పాటు కారణమూ చెప్పాలి. కారణం తెలిసిన పిల్లవాడికి బట్టీ పట్టే అవసరం ఉండదు.