సంచిలో రెండు తూకపు రాళ్లు

ఈ నెల మన ధ్యానానికి రెండు వాక్యభాగాలు: ద్వితీయోపదేశకాండము 25:13–16, 1 సమూయేలు 12వ అధ్యాయం. వీలైతే ముందు బైబిలు తెరిచి ఆ రెండూ చదివి, తర్వాత ఈ మాటల్లోకి రండి. నేను పాస్టర్‌ని కాను. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగిని. దేవుడు నన్ను గద్దించిన ఒక సంగతి మీకు చెప్పాలని రాస్తున్నాను.

2024 జూన్ 3, సోమవారం రాత్రి. ఇక్కడ షామ్‌బర్గ్‌లో తొమ్మిదిన్నర అయ్యేసరికి ఆంధ్రప్రదేశ్‌లో 4వ తేదీ ఉదయం ఎనిమిది. ఓట్ల లెక్కింపు మొదలైంది. మీలో చాలామంది ఆ రాత్రి నిద్రపోలేదని నాకు తెలుసు. నేనూ పోలేదు. ఆ ఎన్నిక కోసం సెలవు పెట్టి, టికెట్ కొనుక్కుని, మే 13న పల్నాడులో మా ఊరి స్కూలు దగ్గర ఎండలో నిలబడి ఓటేసి వచ్చినవాణ్ణి. ఫ్యాను గుర్తు నొక్కాను. పక్కనున్న వీవీప్యాట్ అద్దం వెనకాల చీటీ ఏడు సెకన్లు కనిపించింది. నేను నొక్కిన గుర్తే అందులో ఉంది. తృప్తిగా బయటికి వచ్చాను.

ఫలితం మీకు తెలిసిందే. 175 స్థానాల్లో తెలుగుదేశానికి 135, జనసేనకు 21, బీజేపీకి 8 వచ్చాయి. నేను ఓటేసిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. ఐదేళ్ల క్రితం అదే పార్టీకి 151. నా మనసు ఒప్పుకోలేదు. "ఇది జరిగే పని కాదు, మిషన్లలో ఏదో చేశారు" అనుకున్నాను. రాత్రి రెండు గంటలకు, పోలైన ఓట్లకూ లెక్కించిన ఓట్లకూ తేడా ఉందంటూ ఎవరో పంపిన పట్టిక ఒకటి మన ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. ఆ పట్టిక ఎవరు తయారు చేశారో నాకు తెలియదు. పోస్టల్ ఓట్లు అందులో ఒకవైపు కలిపి మరోవైపు వదిలేశారేమో కూడా చూడలేదు.

నా ఉద్యోగంలో నేను అలా చేయను. టెస్టర్ ఎవరైనా "ఏదో తేడాగా ఉంది" అని మాత్రమే రాసి బగ్ పెడితే వెనక్కి పంపుతాను. ఏ స్క్రీన్‌లో వచ్చింది, ఏ డేటాతో వచ్చింది, లాగ్ ఎక్కడ, మళ్లీ చేసి చూపించగలవా అని అడుగుతాను. ఆ రాత్రి వీటిలో ఒక్క ప్రశ్న కూడా నన్ను నేను వేసుకోలేదు.

ఇప్పుడు మీకు 2019 సంగతి చెప్పాలి. మన ఫెలోషిప్‌లోనే గుడివాడ వైపు నుంచి వచ్చిన అన్న ఒకరు ఉన్నారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఓహేర్ విమానాశ్రయానికి వచ్చి నన్ను తీసుకెళ్లింది ఆయనే, మొదటి చలికాలం కోటు ఇచ్చింది ఆయనే. ఆయన సైకిల్ పార్టీ మనిషి. 2019 మే 23న ఫలితాలు వచ్చినప్పుడు తెలుగుదేశానికి 23 స్థానాలు మిగిలాయి. "ఆ మిషన్లలో ఏదో జరిగింది తమ్ముడూ" అన్నారు ఆయన. అప్పుడు చంద్రబాబు నాయుడు గారూ ఈవీఎంల మీద అనుమానాలు చెప్పారు. పోలింగ్ అయిన వెంటనే ఢిల్లీ వెళ్లి ఎన్నికల సంఘాన్ని కలిశారు. నేను అన్నతో ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "ఓడిపోయినవాళ్లకే మిషన్లు గుర్తొస్తాయి అన్నా" అని నవ్వాను.

2024 జూన్‌లో జగన్ మోహన్ రెడ్డి గారు పేపర్ బ్యాలెట్ కావాలన్నారు. ఈసారి అన్న ఏమీ అనలేదు. గ్రూపులో నేను పెట్టిన పట్టిక చూశారు, ఒక్క మాట రాయలేదు.

ప్రియ చదువరీ, ద్వితీయోపదేశకాండంలో దేవుడు తన ప్రజలకు ఇచ్చిన ఆజ్ఞ చాలా చిన్నది. సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు తూకపు రాళ్లు పెట్టుకోవద్దు. మా నాయనమ్మకు ఈ వచనం ఎవరూ వివరించనక్కర్లేదు. పత్తి కొనడానికి కాటా పట్టుకుని వ్యాపారి వస్తే, ఇంట్లో ఉన్న కేజీ రాయి తెచ్చి ముందు దాన్ని తూచమనేది. తీసుకునేటప్పుడు ఒక రాయి, ఇచ్చేటప్పుడు ఇంకో రాయి వాడేవాళ్లను ఆమె చూసింది. అయితే మోసం రాయిలో కాదు, సంచిలో ఉంది. రెండు రాళ్లూ ఒకే మనిషి సంచిలో ఉన్నాయి, ఎప్పుడు ఏది తీయాలో వాడికి తెలుసు.

2019లో నేను ఒక రాయి తీశాను: ప్రజల తీర్పు, దేవుని చిత్తం. 2024లో ఇంకో రాయి తీశాను: మోసం, కుట్ర. యంత్రాల పద్ధతి అదే, లెక్కించిన సంఘం అదే. మారింది గెలిచిన పార్టీ.

ఒక లెక్క చూడండి. 2019లో ఓడిన తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు నూటికి 39కి కాస్త పైన. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చినవీ నూటికి 39కి కాస్త పైనే. ఒకరికి 23 స్థానాలు, ఇంకొకరికి 11. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే నియోజకవర్గం గెలుచుకునే మన పద్ధతిలో, ఎదుటివాళ్లు కలిసికట్టుగా పోటీ చేస్తే 39 శాతానికి అంతే మిగులుతుంది. 2019లో జనసేన తెలుగుదేశంతో లేదు, 2024లో కలిసింది. అన్నకు అప్పుడు అర్థం కానిది, నాకు ఇప్పుడు అర్థం కానిది ఒకటే లెక్క. ఇంత మద్దతు ఉన్న పార్టీ ఇంతలా ఎలా పోతుంది అన్నదే ఇద్దరి బాధ.

అనుమానం రావడం పాపమా? కాదు. ప్రశ్న అడగడం తప్పు కాదు. ఆ చీటీ చూపించే వీవీప్యాట్ మనకు వచ్చిందే ప్రశ్నల వల్ల. 2013లో సుప్రీంకోర్టు దాన్ని తప్పనిసరి చేసింది. 2019లో చంద్రబాబు గారి నాయకత్వంలో 21 ప్రతిపక్ష పార్టీల నాయకులు కోర్టుకు వెళ్తే, నియోజకవర్గానికి ఒక బూత్ బదులు ఐదు బూత్‌ల చీటీలు లెక్కించాలని తీర్పు వచ్చింది. 2024 ఏప్రిల్ 26న చీటీలన్నీ లెక్కించాలన్న పిటిషన్లను కోర్టు కొట్టేసింది. కానీ రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే ఐదు శాతం యంత్రాలను తనిఖీ చేయించుకునే వీలు ఇచ్చింది. ఒంగోలు లాంటి చోట్ల దరఖాస్తులు కూడా పెట్టారు. అది ప్రశ్న అడిగే దారి. అడిగినవాడు పేరు చెప్పి, డబ్బు కట్టి, వెలుగులో నిలబడి అడుగుతాడు. రాత్రి రెండింటికి ఊరూ పేరూ లేని పట్టిక పంపడం ఆ దారి కాదు. అబద్ధపు వార్త పుట్టించవద్దని నిర్గమకాండము 23:1 మనకు చెబుతోంది. ఫార్వర్డ్ చేసినవాడు పుట్టించలేదు కదా అని ఆ మాట నుంచి తప్పించుకోలేడు.

మనం ఉంటున్న ఈ దేశంలోనూ ఇదే చూశాం. 2020 అధ్యక్ష ఎన్నికల తర్వాత జార్జియాలో దాదాపు 50 లక్షల బ్యాలెట్లను మనుషులు చేత్తో మళ్లీ లెక్కపెట్టారు. గెలిచిన మనిషి మారలేదు. అయినా అనుమానం చల్లారలేదు. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో చట్టసభ భవనం మీదికి వెళ్లిన గుంపులో సిలువలు, యేసు పేరు రాసిన జెండాలు కనిపించాయి. అది చూసి నేను తల పట్టుకున్నాను. "వీళ్లకేమైంది?" అన్నాను. మూడేళ్లు తిరిగేసరికి అదే విత్తనం నా ఫోన్లో మొలిచింది. జనం కుట్ర అని పిలిచే ప్రతిదాన్నీ నువ్వు కుట్ర అనుకోవద్దని, వాళ్ల భయం నీ భయం కాకూడదని దేవుడు యెషయాను హెచ్చరించిన సంగతి (యెషయా 8:12–13) అప్పుడు నాకు గుర్తు రాలేదు.

ఇప్పుడు సమూయేలు దగ్గరికి రండి. ఇశ్రాయేలీయులు రాజు కావాలన్నారు. అంటే సమూయేలు నాయకత్వం ఇక చాలన్నారు. ఆయన మనసు గాయపడింది. 12వ అధ్యాయానికి వచ్చేసరికి సౌలు రాజయ్యాడు, సమూయేలు పక్కకు జరిగాడు. అప్పుడు ఆయన జనం ముందు నిలబడి రెండు పనులు చేశాడు. మొదట తన లెక్క తానే విప్పాడు. ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా చెప్పండి అన్నాడు. ఇతరులను తూచే ముందు తానే త్రాసులో కూర్చున్నాడు. తర్వాత, మీరు రాజును అడిగి తప్పు చేశారని మొహం మీదే చెప్పాడు. తన అభిప్రాయం దాచుకోలేదు. కానీ అంతటితో ఆపలేదు. మీ కోసం ప్రార్థించడం మానితే అది యెహోవాకు విరోధంగా నేను చేసే పాపం అన్నాడు (12:23).

గమనించారా? ఆయన ప్రార్థన ఆపనన్నది తనను కాదన్న ప్రజల కోసం. మన మాటల్లో చెప్పాలంటే, అవతలి పార్టీకి ఓటేసినవాళ్ల కోసం. సౌలు తర్వాత దారి తప్పినప్పుడు కూడా సమూయేలు అతని కోసం దుఃఖపడ్డాడే గాని, "నేను ముందే చెప్పాను" అని సంబరపడలేదు.

ఇక్కడ దేవుడు నా నోరు మూయించాడు. 2019 నుంచి మన కూడికల్లో ముఖ్యమంత్రి పేరు పెట్టి ప్రార్థన చేయించింది నేనే. ఎందుకు? నిజం చెప్పాలంటే, జగన్ గారు క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చారు, "మనవాడు" అన్న ఆనందం. రాష్ట్రం మీద భారం కన్నా ఆ ఆనందమే ఎక్కువ. 2024 జూన్ 12న చంద్రబాబు గారు ప్రమాణ స్వీకారం చేశారు. ఆ శనివారం మన సంఘ పెద్ద కొత్త ముఖ్యమంత్రి కోసం ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. తిరిగి వస్తుంటే గోల్ఫ్ రోడ్ సిగ్నల్ దగ్గర నా భార్య అడిగింది. "ఐదేళ్లు నువ్వే కదా ప్రార్థన చేయించావు. పేరు మారితే ఆమేన్ ఆగిపోవాలా?"

నా దగ్గర జవాబు లేదు. రాజుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాసినప్పుడు (1 తిమోతి 2:1–2) రోమాలో ఏలుతున్నవాళ్లు ఆయన విశ్వాసం పంచుకున్నవాళ్లు కాదు. బబులోనుకు చెరపట్టబడిన యూదులకు యిర్మీయా ఉత్తరం రాస్తూ, మీరున్న పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి అన్నాడు (యిర్మీయా 29:7). ఆ పట్టణపు రాజుకు వాళ్లెవరూ ఓటెయ్యలేదు.

జూలై మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. రొట్టె అందుకునే ముందు మత్తయి 5:23–24 గుర్తొచ్చింది. సహోదరునికి నీ మీద ఏదైనా ఉంటే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. లేచి వెనక వరుసలోకి వెళ్లి అన్న పక్కన కూర్చున్నాను. "2019లో మిమ్మల్ని చూసి నవ్వాను. ఈసారి మీరు అన్న మాటే నేను అన్నాను. క్షమించండి అన్నా" అన్నాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నారు: "నువ్వు ఒక్కరోజు ఆమేన్ అనలేదు తమ్ముడూ. నేను ఐదేళ్లు అనలేదు. నువ్వు గమనించలేదంతే."

ప్రియమైన సహోదరులారా, ఐదేళ్లు ఒకే గదిలో మోకాళ్లూనాం, ఒకే రొట్టె తిన్నాం, మా ఇద్దరి సంచుల్లోనూ రెండేసి రాళ్లు ఉన్నాయి. ఆ రోజు ఇద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. మీరూ చేసుకోమని బతిమాలుతున్నాను.

మొదటిది, ఎన్నికల గురించి ఏ మాట నమ్మే ముందైనా, నా పార్టీ గెలిచి ఉంటే ఇదే మాట నమ్మేవాణ్ణా అని అడుగుదాం. రెండవది, ఆధారం లేని దాన్ని సంఘం గ్రూపులో పెట్టవద్దు. పొరపాటున పెడితే అదే గ్రూపులో తప్పైందని రాద్దాం. నేను ఆ పట్టిక తీసేసి అలాగే రాశాను. సిగ్గుగా అనిపించింది, కానీ ఆ రాత్రి బాగా నిద్రపట్టింది. మూడవది, ఏలుతున్నవారి పేరు పెట్టి ప్రార్థిద్దాం. వాళ్లు తప్పు చేస్తే తప్పని చెబుదాం, సమూయేలు చెప్పాడు. వాళ్లను దేవుళ్లను చేయవద్దు. రాజులను నమ్ముకోవద్దని 146వ కీర్తన చెబుతుంది, "మనవాళ్లయిన" రాజులకు అందులో మినహాయింపు లేదు.

నా రాజకీయ అభిప్రాయం మారలేదు. అన్నదీ మారలేదు. వచ్చే ఎన్నికకు మేమిద్దరం మళ్లీ వేరు వేరు గుర్తులే నొక్కవచ్చు. ఇప్పుడు మాత్రం శనివారం కూడికలో రాష్ట్రం కోసం ప్రార్థించే వంతు మా ఇద్దరిదీ. ఆయన పార్టీ ప్రభుత్వం కోసం నేను, ఓడిపోయిన నా నాయకుని కోసం ఆయన.

ప్రార్థిద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, మా సంచుల్లో మేము దాచుకున్న రెండో రాయిని నీవు చూస్తున్నావు. దాన్ని తీసి పారవేసే ధైర్యం మాకు ఇవ్వు. మేము ఓటేసినవారినీ, మేము వద్దనుకున్నవారినీ నీ చేతికి అప్పగిస్తున్నాం. మా రాష్ట్రాలను, మేము కాపురముంటున్న ఈ దేశాన్ని న్యాయంతో నడిపించు. మా మధ్య విరిగిన మాటలను కట్టు. యేసు నామంలో వేడుకుంటున్నాం తండ్రీ, ఆమేన్.