శ్రద్ధ ఎవరి సొత్తు?

తరగతిలో కూర్చున్న విద్యార్థి తన శ్రద్ధను తన యిష్టము వచ్చినట్లు వ్యయపరచుకొనవచ్చునా? "నేను పాఠము వినకున్న నష్టము నాకే గదా" యని యతడన్నచో మనమేమి బదులు చెప్పవలెను? సెల్‌ఫోనులును ల్యాప్‌టాపులును తరగతులలో ప్రవేశించిన యీ దినములలో ఇది చిన్న ప్రశ్న కాదు.

కెనడా దేశపు పరిశోధకులు 2013లో ప్రకటించిన పరీక్ష యొకటి యిందుకు బదులు చెప్పుచున్నది. ఉపన్యాసము వినుచునే ల్యాప్‌టాపుపై ఇతర పనులు చేసిన విద్యార్థులకు మార్కులు తగ్గినవి. అది వింత కాదు. అట్టి తెరలు కంటబడుచోట కూర్చుండి, కాగితముపై వ్రాసికొన్నవారికిని, తెరలు కనబడని వారికన్న నూటికి సుమారు 17 మార్కులు తగ్గినవి. తప్పొకరిది, దండుగ మఱొకరిది! తరగతిలోని శ్రద్ధ ఊరి చెరువు వంటిది. ఒకడు కలచినచో అందఱికిని బురదనీరే.

తెరయే దోషి యని మా వాదము కాదు. మేము బరంపురములో స్థిరపడిన తెలుగువారము. 2020లో బడులు మూతపడినప్పుడు మా ఆదివారపు తెలుగు తరగతిని నిలిపినది ఆ చిన్న తెరయే. చూపు మందగించిన బాలునకు అక్షరములను పెద్దవి చేసి చూపు తెర విలాసము కాదు, అవసరము.

ఐనను మా తప్పొకటి చెప్పక తీరదు. ఒక ఆదివారము తొమ్మండుగురు పిల్లలు పలకలపై ఒత్తులు దిద్దుచుండగా మా జేబులోని ఫోను మ్రోగినది. పింఛను సంగతి యేమోయని తీసి చూచితిమి. ఎవరో పంపిన హాస్యపు బొమ్మ! నవ్వుకొని తలయెత్తునప్పటికి పలకలన్నియు ఒడిలోనికి దిగినవి. "తాతగారూ, మాకు చూపరా?" అని యొక బాలిక యడిగినది. ఆ దినమున పాఠము మరల సాగలేదు. కచేరీ వేళలో సొంతపని చేయరాదని గుమాస్తాగా జీవితమంతయు నమ్మిన మేము, వారమునకొక గంట ఆ పిల్లలకీయలేకపోతిమి.

నాటినుండి మా తరగతికొక నియమమేర్పడినది. పాఠమునకు తెర కావలసినచో అందఱును కలిసి ఒక్కదానినే చూతురు. పని తీరగనే దానిని మూయుదురు. తక్కిన ఫోనులు గుమ్మముకడ బుట్టలో నుండును. మొదట వేయునది మా ఫోనే.

వందలమంది చదువు బడిలో ఒకని పరధ్యానము మఱుగుపడవచ్చును. తొమ్మండుగురే మిగిలినచోట అది మఱుగుపడదు. పరరాష్ట్రమున మన అక్షరము నిలుచుట యా తొమ్మండుగురి చేతిలో నున్నది. వారి శ్రద్ధ నిలుచుట పెద్దలమైన మన చేతిలో నున్నది.