మూగజీవి ఋణము

శిబి చక్రవర్తి పావురమును కాపాడుటకు తన తొడకండను కోసి యిచ్చెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ కథలోని గొప్పతనమంతయు ‘తన’ అను ఒక్క మాటలో నున్నది. పొరుగువాని తొడను కోసి యిచ్చినచో అది దానము కానేరదు.

బామ్నిలో స్థిరపడిన మనకు వరోరా దూరము కాదు. మన చంద్రపూర్ జిల్లాలోనే, అచ్చట కుష్ఠరోగుల కొరకు ఆనందవనమును స్థాపించిన బాబా ఆమ్టే, రోగి దేహమునుండి తీసిన క్రిములను పరిశోధనకై తన దేహమున ఎక్కించుకొనుటకు సమ్మతించెను. అది త్యాగము. 1873లో ఆ క్రిమిని కనుగొనిన నార్వే వైద్యుడు హాన్సెన్ మాత్రము 1879లో ఒక రోగిణి కంటిలో, ఆమె సమ్మతి లేకయే, రోగపదార్థమును ప్రవేశపెట్టెను. 1880లో న్యాయస్థానము ఆయనను ఆసుపత్రి పదవినుండి తొలగించెను. ఎంతటి జ్ఞానికైనను ఇతరుల దేహముపై హక్కు లేదని దాని తాత్పర్యము.

మరి చిట్టెలుక మాట యేమి? కుష్ఠక్రిమి గాజునాళికలో పెరుగదు. 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు షెపర్డ్ దానిని చిట్టెలుక అరికాలిలో పెంపగలిగెను. పిమ్మట మందులకును, రోగనిరోధకశక్తిని పెంచు టీకాలకును ఆ చిన్న పాదమే పరీక్షాస్థలమైనది. మన దేశమున తల్వార్ గారి బృందము, హానిచేయని దాయాది క్రిమి యొకదానితో కుష్ఠమునకు టీకా సిద్ధపరచెను. అది ఎలుకలలో క్షయను గూడ ఎదిరించినదని 1991లో ప్రకటించిరి.

అయినను ఎలుకకు మేలైనదెల్ల మనుష్యునకు మేలు కాదు. బి.సి.జి. టీకా ఎలుకలకు రక్షణ నిచ్చినది. పసిబిడ్డలను తీవ్రక్షయనుండి కాపాడుచున్నది. కాని 1968లో చెంగల్పట్టున ఆరంభమైన మహాపరీక్షలో, పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను అది ఆపినట్లు కనబడలేదు.

ప్రయోగములన్నియు మానుడని, క్షయతో దగ్గు బిడ్డను ఒడిలో నిడుకొన్న తల్లితో చెప్పు ధైర్యము నాకు లేదు. కాని ఎలుక ‘త్యాగము’ చేసినదనుట నాకు సమ్మతము కాదు. అది ఇచ్చినది కాదు, మనము తీసికొన్నది. అడుగక తీసికొన్నది ఋణమే యగును.

ఆ ఋణమును తీర్చుట యెట్లు? సాధ్యమైనంతవరకు ప్రయోగమును మానవలెననియు, తప్పనిచో బాధను తగ్గింపవలెననియు మన 1960 నాటి చట్టము చెప్పుచున్నది. విఫలమైన ఫలితమును దాచరాదు. దాచినచో అదే ప్రశ్నకై వేరొకచోట మరికొన్ని ఎలుకలు చచ్చును. ఇవి శాస్త్రజ్ఞుల విధులు. మన విధియు ఒకటి కలదు. అంత వెలపెట్టి కొన్న మందు రోగికి అందవలెను. మందు తిని నయమైనవానిని గడపవద్దనే నిలిపివేయు ఇల్లు, ఆ మూగజీవి ఋణమును ఎగవేసిన ఇల్లే.