పచ్చబొట్టు వెంట వస్తుందా?

మా రాయచెర్లులో ముసలమ్మల మాట ఒకటే: నగలు కోడళ్లు పంచుకుంటారు, పచ్చబొట్టు మాత్రం పైకి వెంటొస్తుంది. మా అవ్వకు ముంజేతి మీద తులసికోట, గడ్డం మీద మూడు చుక్కలు. దీపపు మసిని ఆకుపసరుతో, చనుబాలతో నూరి ఎరుకలామె సూదులతో పొడిచిందట. నెత్తురు తుడిచి పసుపు అద్దారట.

ఒళ్లే కాలిపోయాక బొట్టు ఎట్లా వస్తుందవ్వా అంటే, "కాలేది తోలురా, ఓర్చుకున్న నొప్పి కాలుతుందా?" అనింది. శాస్త్రం ఏమంటుందో గానీ నాకు ఆ జవాబు నచ్చింది. అయితే, ఏడేళ్ల పిల్లను నలుగురు అదిమిపట్టి పొడిస్తే అది ఓర్పు ఎట్లా అవుతుంది? పుణ్యం ఎవరి ఖాతాకు?

ఒంటికి నొప్పి పెట్టే ఇట్లాంటి ఆచారాలు మెల్లగా పోయాయి. అరుణాచల్‌లో అపతానీ తెగ ఆడవాళ్ల ముక్కుబిళ్లలు 1970లలో ఆగిపోయాయి. ఇక్కడా పచ్చబొట్టు పెళ్లిచూపుల్లో నామోషీ అయింది. మళ్లీ ఇప్పుడు బెంగళూరులో చదివే మా మనవరాలు మత్తు క్రీము రాయించుకుని మరీ పొడిపించుకొచ్చింది. అవ్వ లెక్కన అది వెంట రాదు.