ఒకని బాకీ మరొకని ఖాతాలో

వేడిపాలకు నోరు కాలినవాడు మజ్జిగను కూడ ఊదుకొని త్రాగునందురు. వర్తకుల జీవితములో ఈ మాటకు నిదర్శనములు కావలసినన్ని కలవు.

ఒక బట్టల వర్తకుని సంగతి చూడుడు. నమ్మకస్తుడనుకొన్న వాడొకడు పెండ్లి బట్టలు అరువు తీసికొని ఊరు విడిచిపోయెను. నాటినుండి దుకాణములో "అరువు లేదు" అను పలక వ్రేలాడినది. కొన్నాళ్లకు, ఇరువది ఏండ్లుగా పైసా తప్పక చెల్లించుచు వచ్చిన రైతొకడు కూతురి పెండ్లికి బట్టలడిగెను. పంట చేతికి రాగానే ఇత్తుననెను. వర్తకుడు పలక చూపెను. రైతు మారుమాటాడక లేచిపోయెను. పంట రాగానే పొరుగు దుకాణమువాని బాకీ చెల్లిపోయినది. మోసగాడు ఎత్తుకొనిపోయినది బట్టలే. ఇరువది ఏండ్ల బేరమును పోగొట్టినది మాత్రము వర్తకుని భయమే.

ఎవరి కర్మఫలము వారే అనుభవింతురనియు, ఒకరిది మరొకరికి సంక్రమింపదనియు జైనధర్మము చెప్పుచున్నది. అట్టి ధర్మమును నమ్మినవారు మోసగాని బాకీని నిజాయితీపరుని ఖాతాలో వ్రాయుట న్యాయమా? గుమాస్తా ఇట్లు వ్రాసినచో ఏ యజమాని ఊరకుండును?

అట్లని చూచి చూచి మోసపోవలెనని కాదు. సంవత్సరీనాడు క్షమించుట వేరు, మరల అరువిచ్చుట వేరు. పగ విడుచుటకు క్షమ చాలును. అరువిచ్చుటకు విచారణ కావలెను.

శాస్త్రములు భయమును తొమ్మిది నోకషాయములలో చేర్చినవి. అనగా అది మోహనీయకర్మలోనిదే. జాగ్రత్త అట్టిది కాదు. సాధువులకు విధించిన ఐదు సమితులలో మొదటిది ఈర్యాసమితి. ఎదుట నాలుగు మూరల నేల చూచుకొని అడుగు వేయవలెను. పురుగు చచ్చునేమోనని నడకయే మానుమని చెప్పలేదు, చూచి నడువుమనిరి.

వర్తకునికిని ఇదియే మార్గము. క్రొత్తవానికి మొదట కొద్ది సరకే ఇచ్చి చూడవలెను. పెద్ద మొత్తమునకు ప్రామిసరీ నోటు వ్రాయించుకొనవలెను. 1963 నాటి లిమిటేషన్ చట్టము ప్రకారము దానికి 3 ఏండ్లకు కాలదోషము పట్టును గనుక ఆ లోపలనే వసూలు చూచుకొనవలెను. పాత ఖాతాదారునికి అతని లెక్కయే సాక్షి.

ఆ రైతు అడిగిననాడు వర్తకుడు చూడవలసినది గోడమీది పలకను కాదు, ఆవర్జాలో అతని పుటను. ఇరువది ఏండ్ల జవాబు అందులోనే యున్నది.