ఉత్తరం ఎవరు రాయాలి?

మా తిరుపతిలో "లెటరు దొరుకుతుందా?" అంటే ఏ లెటరని ఎవరూ అడగరు. కొండమీద దర్శనానికి ఎమ్మెల్యేగారో, ఎంపీగారో ఇచ్చే సిఫార్సు ఉత్తరమే. ఇచ్చిన పెద్దమనిషి ఆ భక్తుణ్ణి కళ్ళతో చూసి ఉండనక్కర్లేదు. భక్తి ఎంతో అందులో రాయరు, రాయమని ఎవరూ అడగరు కూడా!

ఈ ఊరి గాలి పీల్చి పెరిగిన మనిషి కదా మా ఆడపడుచు. అమెరికాలో డాక్టరు చదువుకు మార్కులతోపాటు రికమెండేషన్ ఉత్తరాలూ పంపాలని తెలియగానే అక్కణ్ణుంచి ఫోను చేసింది. "వదినా, అన్నకు తెలిసిన పెద్ద డాక్టరు ఎవరన్నా ఉంటే అమ్మాయికి ఓ ఉత్తరం రాయించండి" అని. ఆ పిల్లే అడ్డుపడింది. "ఆయన నన్ను చూడనే లేదు గదత్తా, నా గురించి ఏం రాస్తారు?" అంది.

మన దగ్గర ఈ గొడవ లేదు. 1986లో ఎంసెట్ వచ్చింది, 2017 నుంచి వైద్యానికి నీట్. మన ఎస్వీ మెడికల్ కాలేజీలో సీటుకైనా ర్యాంకే మాట్లాడుతుంది, మనిషి ఎలాంటిదో అడిగేవాళ్ళు లేరు. చిత్తూరువాళ్ళు పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే వేలూరు సీఎంసీ వారికి ఈ పద్ధతి రుచించలేదు. పిల్లల్ని పిలిపించి, మాట్లాడి, కొన్ని సీట్లకు చర్చి సంఘాల సిఫార్సు కూడా చూసి ఎంచుకోవడం అప్పట్లో వాళ్ళ అలవాటుగా ఉండేది. 2017లో 100 ఎంబీబీఎస్ సీట్లలో 99 ఖాళీగా వదిలేశారు గాని కౌన్సెలింగుకు ఒప్పుకోలేదు. 2020లో సుప్రీంకోర్టు నీట్ వాళ్ళకూ తప్పదంది.

వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. సూది గుచ్చే చెయ్యి ఎలాంటిదో ర్యాంకు చెప్పదు. అయినా నేను ర్యాంకువైపే మొగ్గుతాను. పలమనేరు దగ్గర పల్లెలో టమోటాలు కోసే తల్లి కూతురికి ఉత్తరం ఎవరు రాస్తారు, మీరే చెప్పండి? రాయగల పెద్దలు ఆమె గడప తొక్కరు, వాళ్ళ గడప ఆమె తొక్కలేదు. పరీక్ష హాల్లో మాత్రం ఆ పిల్ల నెంబరూ, కలెక్టరుగారి అమ్మాయి నెంబరూ ఒకలాంటివే. (కోచింగ్ ఫీజుల మాట ఎత్తితే ఈ పేజీ చాలదు.)

ఇంతకీ మా మేనకోడలు ఎవరిచేత రాయించుకుందంటారా? రెండేళ్ళ క్రితం సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో నెల్లాళ్ళు పనిచేసింది. అక్కడి నర్సమ్మ చేత! ఆమె తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. "మొదటిరోజు ఒక తాత పుండు కడగతా ఉంటే చూసి, బయటికి పరిగెత్తి కక్కుకునింది. మర్నాడు నాకన్నా ముందొచ్చి కూర్చునింది" అని చెప్పిందామె.

తమ గురించి రాసిన ఉత్తరాలు చూడబోమని పిల్లలు ముందే సంతకం పెట్టడం అక్కడ రివాజు. అందుకని మేనకోడలికి చూపించలేదు. అయితే ఆనాటి సంగతి తల్లికి తెలుసు. "ఆ కక్కుకున్న మాట రాయలేదు కదా వదినా? రాసినా తీసేశావు కదా?" అని రోజు విడిచి రోజు ఫోను.

ఆ మాట తీసేస్తే మర్నాడు ముందొచ్చి కూర్చున్న మాటకు బలమెక్కడిది? పైగా ఆ వాక్యం నాది కాదు. నర్సమ్మ రెండుసార్లు చదివించుకుని, అర్థం అడిగి తెలుసుకుని, కింద సంతకం పెట్టింది.